దుకాణం ముఖం బాగుపడితే ఆ లాభం ఎవరికి?
చిన్న వ్యాపారులకు నగరపాలక గ్రాంట్లు – మనం నేర్చుకోదగిన సంగతులు

బజారులో పక్కపక్కనే రెండు దుకాణాలు ఉన్నాయనుకుందాం. సరుకు ఒకటే, ధర ఒకటే. ఒక దుకాణం బోర్డు చక్కగా కనిపిస్తుంది, ముందు దీపం వెలుగుతుంది, మెట్టు దగ్గర జారుడు లేదు. రెండో దుకాణం షట్టరు తుప్పు పట్టింది, గోడ పెచ్చులూడింది, బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. కొత్తగా వచ్చిన కొనుగోలుదారు ఏ గుమ్మం ఎక్కుతాడో చెప్పనక్కరలేదు. రెండో దుకాణదారుకు ఈ సంగతి తెలియక కాదు. చేతిలో ఉన్న నాలుగు రూపాయలూ సరుకు మీద పెట్టాలి. పైగా గోడ తనది కాదు, అద్దెది. సొంత డబ్బుతో ఇంకొకరి గోడకు సున్నం ఎందుకు వేయాలి? యజమాని ఆలోచన ఇంకోలా ఉంటుంది. అద్దె నెలనెలా వస్తూనే ఉంది కదా, తానెందుకు ఖర్చు పెట్టాలి? ఇలా ఇద్దరి మధ్యా గోడ పాడవుతూనే ఉంటుంది.

ఈ చిక్కుముడిని విప్పడానికి కొన్ని దేశాల్లో స్థానిక ప్రభుత్వాలు ఒక పద్ధతి పెట్టుకున్నాయి. చిన్న వ్యాపారి తన దుకాణం ముఖభాగాన్ని బాగుచేసుకుంటే, ఆ ఖర్చులో కొంత నగరపాలక సంస్థ గ్రాంటుగా ఇస్తుంది. గ్రాంటు అంటే తిరిగి కట్టనక్కరలేని సహాయం. అది అప్పు కాదు కాబట్టి దానిమీద వడ్డీ లేదు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మన వ్యాపార సోదరులకు ఈ మాట ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. అమెరికాలో ఈ పద్ధతి విస్తృతంగా ఉంది. అక్కడ అది ఎలా నడుస్తుందో, దాని మేలు ఎవరికి అందుతుందో, ఎవరికి అందకుండా పోతుందో చూస్తే మన ఊళ్లలో మన సంఘాలు చేయగల పని ఒకటి కనిపిస్తుంది.

ఎందుకు మొదలైంది?

రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో కార్లు పెరిగాయి, పెద్ద రోడ్లు వచ్చాయి. జనం ఊరి నడుమ నుంచి శివార్లకు మారారు. వారి వెంటే పెద్ద పెద్ద మాల్స్ కూడా శివార్లలో వెలిశాయి. ఒకప్పుడు కళకళలాడిన ఊరి ప్రధాన వీధులు వెలవెలబోయాయి. దుకాణాలు మూతపడ్డాయి. పాత ఇటుక కట్టడాల మీద రేకులు కొట్టి, చవకబారు బోర్డులు పెట్టి నెట్టుకొచ్చినవారు కొందరు.

చారిత్రక కట్టడాల రక్షణ కోసం పనిచేసే జాతీయ ట్రస్టు ఒకటి 1977లో మూడు చిన్న పట్టణాలను ఎంచుకుని ప్రయోగం మొదలుపెట్టింది. అవి ఇల్లినాయిస్ రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్, ఇండియానాలోని మాడిసన్, సౌత్ డకోటాలోని హాట్ స్ప్రింగ్స్. పాత కట్టడాలను కూల్చకుండా, వాటి ముఖాన్నే బాగుచేసి, వ్యాపారులను ఒక సంఘంగా కూర్చి, వీధికి మళ్ళీ జనాన్ని రప్పించవచ్చా అన్నది ఆ ప్రయోగం. దాని అనుభవంతో 1980లో జాతీయ స్థాయిలో ‘మెయిన్ స్ట్రీట్’ కేంద్రం ఏర్పడింది. రూపకల్పన, సంఘటితం, ప్రచారం, ఆర్థిక పటిష్ఠత అనే నాలుగు అంశాలను అది ముందుకు తెచ్చింది. గోడకు రంగు వేయడం ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే. వ్యాపారులు కలిసి రాకపోతే రంగు ఒక్కటే వీధిని నిలబెట్టదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ముఖ్యంగా రెండు దారులు.

మొదటిది కేంద్ర ప్రభుత్వ నిధి. 1974లో అమెరికా చట్టసభ చేసిన గృహనిర్మాణ, సామాజికాభివృద్ధి చట్టం కింద నగరాలకూ రాష్ట్రాలకూ ఏటా నిధులు వెళతాయి. వాటిని ప్రధానంగా తక్కువ, మధ్యస్థ ఆదాయాల వారికి మేలు కలిగేలా వాడాలి. ఆ నిధి నుంచి దుకాణాల బాగుకూ ఇవ్వవచ్చు. అయితే లాభం కోసం నడిచే ప్రైవేటు వ్యాపార భవనమైతే, నిబంధన ప్రకారం ఆ డబ్బు భవనం బయటి భాగానికీ, భద్రతా నియమాల ఉల్లంఘనలు సరిచేయడానికీ మాత్రమే పరిమితం. దీని వెనుక తర్కం సులభంగానే అర్థమవుతుంది. లోపలి బల్లలు, అలమరాలు వ్యాపారి సొంతానికి. బయటి గోడ, దీపం, మెట్టు వీధిన పోయే ప్రతి ఒక్కరికీ. ప్రజల డబ్బు ప్రజలకు కనిపించే చోటనే పెట్టాలి.

రెండోది స్థానిక పన్ను. దీనిని క్లుప్తంగా టి.ఐ.ఎఫ్. అంటారు. ఒక ప్రాంతాన్ని గుర్తించి, ఆనాటికి అక్కడి ఆస్తుల విలువ ఎంతో రాసుకుంటారు. ఆ తరువాత విలువ పెరిగినకొద్దీ అదనంగా వచ్చే ఆస్తిపన్నును వేరే ఖాతాలో వేసి, ఆ ప్రాంతానికే ఖర్చు పెడతారు. ఇల్లినాయిస్‌లో ఒక ప్రాంతానికి ఈ ఏర్పాటు మామూలుగా 23 ఏళ్లు ఉంటుంది. సూటిగా చెప్పాలంటే, వీధి బాగుపడితే వచ్చే పన్నుతోనే వీధిని బాగుచేయడం. అయితే ఆ అదనపు పన్ను అక్కడికే పోవడం వల్ల బడులకూ ఇతర సేవలకూ అందే వాటా తగ్గుతోందని విమర్శ కూడా ఉంది. ఒక బడిపంతులుగా ఆ విమర్శ నేను తేలిగ్గా తీసుకోలేను.

దేనికి ఇస్తారు, దేనికి ఇవ్వరు?

ఊరూరికీ నిబంధనలు మారతాయి. సాధారణంగా ఇచ్చేవి ఇవి: ముందు గోడ మరమ్మతు, రంగు, కిటికీ అద్దాలు, తలుపులు, నామఫలకం, బయటి దీపాలు, ఎండకూ వానకూ అడ్డంగా గుడ్డ పందిరి, చక్రాల కుర్చీ ఎక్కడానికి ర్యాంపు. పూర్తిగా మూసుకుపోయే ఇనుప షట్టర్లు తీసేసి, రాత్రి పూట కూడా లోపలి వెలుతురు కనిపించే జాలీ షట్టర్లు పెట్టమని చాలా ఊళ్లు ప్రోత్సహిస్తాయి. మూసిన ఇనుప రేకుల వరుస రాత్రిపూట వీధికి భయం పుట్టిస్తుందన్నది వారి అనుభవం.

సరుకు, యంత్రాలు, లోపలి సామాను, పాత బాకీలు, జీతాలు – వీటికి ఇవ్వరు. అనుమతి రాకముందే మొదలుపెట్టిన పనికి కూడా సాధారణంగా ఇవ్వరు. తొందరపడి ముందే మేస్త్రీని పిలిచి, ఆ తరువాత దరఖాస్తు పెట్టినవారు ఇక్కడే నష్టపోతారు.

పద్ధతి ఏమిటి?

దరఖాస్తుదారు ముందుగా తన భవనం ఆ పథకం పరిధిలో ఉందో లేదో తెలుసుకోవాలి. అద్దెకు ఉన్నవారైతే యజమాని రాతపూర్వక అంగీకారం తేవాలి. ఇప్పుడున్న స్థితి ఫోటోలు, చేయదలచిన పని నమూనా, ఒకరికన్నా ఎక్కువమంది కాంట్రాక్టర్ల అంచనాలు జతచేయాలి. నగర అధికారులు నమూనాను పరిశీలించి మార్పులు సూచిస్తారు. ఒప్పందం మీద సంతకాలు అయ్యాకే పని మొదలవ్వాలి. కట్టడపు అనుమతులు వేరుగా తీసుకోవాలి.

పని పూర్తయ్యాక అధికారి వచ్చి చూస్తారు. బిల్లులు, డబ్బు చెల్లించిన రుజువులు, తనకు ఇక బాకీ లేదని కాంట్రాక్టరు రాసిచ్చిన కాగితం, కొత్త ఫోటోలు ఇవ్వాలి. అప్పుడు గ్రాంటు చెక్కు వస్తుంది. ఇన్నేళ్లపాటు ఆ ముఖభాగాన్ని చెడగొట్టకుండా కాపాడతానని ఒప్పుకోవలసిన ఊళ్లూ ఉన్నాయి. వచ్చిన గ్రాంటును పన్ను లెక్కలో ఆదాయంగా చూపవలసి రావచ్చు కూడా.

ఈ వరుసలో ఒక్క మాట మీద వేలు పెట్టి ఆగాలి: పని పూర్తయ్యాకే చెక్కు.

డెవాన్ వీధి నుంచి ఒక చూపు

చికాగో నగరానికి ఉత్తరాన డెవాన్ అవెన్యూ అనే వీధి ఉంది. మన హైదరాబాదీలకు ఈ పేరు కొత్త కాదు. 1970ల నుంచి అక్కడ భారతీయుల చీరల దుకాణాలు, నగల దుకాణాలు, కిరాణాలు వెలిశాయి. తరువాత పాకిస్తానీ, బంగ్లాదేశీ వ్యాపారులు వచ్చారు. హలాల్ మాంసం, హైదరాబాదీ బిర్యానీ, ఇస్లామీ పుస్తకాలు దొరికే వీధి అది. ఆ వీధిలో ఒక భాగానికి గాంధీ పేరు, మరో భాగానికి జిన్నా పేరు, ఇంకో భాగానికి గోల్డా మేయర్ పేరు గౌరవసూచకంగా పెట్టారు. అక్కడ బతికినవారు ఎన్ని చోట్ల నుంచి వచ్చారో ఆ మూడు పేర్లే చెబుతాయి.

చికాగో నగరానికి చిన్న వ్యాపారాల మెరుగుదల నిధి అని ఒక పథకం ఉంది. పైన చెప్పిన టి.ఐ.ఎఫ్. పన్నుతో అది నడుస్తుంది. భవన యజమానులతోపాటు అద్దెకున్న వ్యాపారులూ దరఖాస్తు చేసుకోవచ్చు. ముఖభాగమే కాక పైకప్పు వంటి శాశ్వత మరమ్మతులకూ ఇస్తారు. అయితే అన్ని వీధులకూ అన్ని వేళలా ఉండదు. నిర్ణీత ప్రాంతాల్లోనే, వంతుల వారీగా దరఖాస్తులు తీసుకుంటారు. అక్కడ కూడా సూత్రం అదే: ముందు ఖర్చు పెట్టు, తరువాత తీసుకో.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక చిన్న కిరాణా వ్యాపారి దుకాణం ముందు భాగానికి 20,000 డాలర్లు అవుతాయనుకుందాం. నగరం సగం ఇస్తానంది. వినడానికి అతని ఖర్చు 10,000 మాత్రమే. నిజానికి అతని చేతిలో 20,000 ఉండాలి. ఎందుకంటే కాంట్రాక్టరుకు పూర్తిగా చెల్లించాకే నగరం తన సగం ఇస్తుంది. అంటే కొన్ని నెలలపాటు ఇంకో 10,000 ఎక్కడి నుంచో తేవాలి. డబ్బున్న వ్యాపారికి ఇది సమస్య కాదు. లేనివాడు బ్యాంకుకు వెళ్లాలి, అక్కడ వడ్డీ. లేదా క్రెడిట్ కార్డు, అక్కడ మరింత వడ్డీ. వడ్డీ వద్దనుకున్నవాడు ఏం చేస్తాడు? దరఖాస్తు ఫారాన్ని మడిచి పక్కన పెడతాడు. వడ్డీ లేని సహాయాన్ని అందుకోవడానికి వడ్డీ వాకిలి దాటవలసి రావడం ఈ పథకంలోని పెద్ద చిక్కు.

ఇంకో మూడు చిక్కులు

మొదటిది అద్దె. దుకాణం ముఖం మెరిశాక యజమాని అద్దె పెంచితే? ప్రజల డబ్బు, వ్యాపారి డబ్బు, వ్యాపారి శ్రమ కలిసి చివరికి యజమాని జేబులోకి పోతాయి. వ్యాపారి ఖాళీ చేయవలసి వస్తే, తాను పెట్టిన గోడ వెనుక ఇంకొకరు కూర్చుంటారు. గోడను ఇంట్లోకి మోసుకుపోలేము కదా.

రెండోది ఖర్చు పెరగడం. కేంద్ర నిధితో జరిగే 2,000 డాలర్లకు మించిన నిర్మాణ ఒప్పందాలకు సాధారణంగా 1931 నాటి వేతన చట్టం వర్తిస్తుంది. కూలీలకు ఆ ప్రాంతంలో ప్రభుత్వం నిర్ణయించిన రేటు ఇవ్వాలి. ఇది కూలీకి న్యాయం, కాదనలేము. కానీ తెలిసిన మేస్త్రీతో తక్కువలో చేయించుకుందామనుకున్న చిన్న వ్యాపారి అంచనా తలకిందులవుతుంది.

మూడోది కాగితం. తెల్లవారుజామున దుకాణం తెరిచి రాత్రి మూసేవాడికి నమూనాలు, అంచనాలు, ఒప్పందాలు చదివే తీరిక ఎక్కడ? ఇంగ్లీషు రానివారి సంగతి సరే సరి. అందుకే ఇలాంటి పథకాలు నిజంగా చిన్నవారికి అందిన చోట్ల సాధారణంగా ఒక స్థానిక సంఘం మధ్యలో నిలబడి ఉంటుంది. ఫారం నింపిపెట్టే మనిషి, అధికారికి ఫోన్ చేసే మనిషి, కాంట్రాక్టరుతో మాట్లాడే మనిషి ఆ సంఘం నుంచే వస్తారు.

మన దగ్గర

బజారు ముఖాన్ని ప్రభుత్వం తీర్చిదిద్దడం మనకు కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ తరువాత 1912లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో నగర అభివృద్ధి బోర్డు ఏర్పడింది. దానినే ఆరాయిష్-ఎ-బల్దా అనేవారు. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో రాతి కమాన్ల వరుస ఆ బోర్డు పనే. కింద దుకాణాలు, పైన నివాసాలు. ప్రతి దుకాణం వేరు, ముఖం మాత్రం ఒక్కటే. ఆ కమాన్ల కింద నీడలో నడుస్తూ కొనుగోలు చేయవచ్చు. వ్యాపారి సొమ్ము అడగకుండా వీధికి ముఖం ఇచ్చిన పద్ధతి అది. అదే దారిలో మదీనా బిల్డింగ్ వక్ఫ్‌గా కట్టిన వ్యాపార భవనం. దుకాణాల అద్దె ధర్మకార్యానికి పోవాలన్న సంకల్పం దాని పునాదిలోనే ఉంది.

నేడు మన రాష్ట్రాల్లో వీధి వ్యాపారులకు పి.ఎం. స్వనిధి ఉంది. 2020 జూన్‌లో మొదలైంది. మొదట 10,000, సకాలంలో కడితే తరువాత 20,000, ఆపైన 50,000 రూపాయలు ఇచ్చే పథకంగా వచ్చింది. 2025లో మొదటి రెండు విడతలను 15,000, 25,000 చేశారు. సకాలంలో కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఎంతోమందికి ఉపయోగపడింది. కానీ అది బ్యాంకు రుణం, గ్రాంటు కాదు. అదీ తోపుడుబండికీ ఫుట్‌పాత్ మీది వ్యాపారానికీ పెట్టుబడి కోసం. అద్దె ముల్గీలో కూర్చున్న దర్జీకి, గాజుల వ్యాపారికి, గోడ బాగుచేసుకోవడానికి పనికివచ్చేది కాదు.

మన సంఘాలు ఏం చేయగలవు?

ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. పైన చూసిన చిక్కుల్లో చాలావరకు ప్రభుత్వం కన్నా సంఘమే బాగా విప్పగలదు.

ఒకటి, కర్జె హసనా. వడ్డీ లేకుండా ఇచ్చి, అసలు మాత్రమే తిరిగి తీసుకునే మంచి రుణం. హైదరాబాదులో తూర్ బైతుల్‌మాల్ వంటి సంస్థలు ఎన్నో ఏళ్లుగా వడ్డీ లేని రుణాలు ఇస్తున్నాయి. మన సంఘం 5 లక్షల రూపాయలు దీనికి విడిగా పెట్టిందనుకుందాం. పదిమందికి 50,000 చొప్పున ఇచ్చి, నెలకు 2,500 చొప్పున 20 నెలల్లో తిరిగి తీసుకుంటే, నెలకు 25,000 వెనక్కి వస్తుంది. అంటే రెండు నెలలకు ఒక కొత్త దుకాణానికి సహాయం చేయవచ్చు. మొదటి పదిమంది కట్టి ముగించేసరికి మరో పదిమందికి అందుతుంది. ఒకసారి వేసిన సొమ్ము తిరుగుతూనే ఉంటుంది. దీనికి జకాత్ సొమ్ము వాడవచ్చా అన్న ప్రశ్న వస్తే ఉలమాలను అడిగి నడుచుకోవాలి. ఈ పనికోసమని చెప్పి తీసుకున్న విరాళాలైతే ఆ సందేహమే రాదు. ఇబ్బందిలో పడి కట్టలేనివారికి గడువు ఇవ్వమన్న ఖురాన్ బోధ మనకు ఉండనే ఉంది. ఆ గడువుకు కూడా ముందే కొంత నిధి పక్కన పెట్టుకోవాలి.

రెండు, మసీదు, దర్గా, వక్ఫ్ ముల్గీలు. చాలా ఊళ్లలో మన సంస్థలే యజమానులు. అద్దెకున్నవారు చిన్న వ్యాపారులు. దశాబ్దాల నాటి అద్దె ఒకవైపు, కారుతున్న స్లాబు మరోవైపు. ఇక్కడ అద్దె, మరమ్మతు రెండూ ఒకే కాగితం మీద రావాలి. వక్ఫ్ ఆస్తి లీజు నియమాలకు లోబడి, బోర్డు అనుమతితో, ఎవరు ఎంత ఖర్చు పెడతారు, ఆ ఖర్చుకు అద్దెలో ఎంత తగ్గింపు, అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుంది అన్నవి ముందే రాసుకోవాలి. వ్యాపారి పెట్టిన డబ్బుకు భద్రత, వక్ఫ్‌కు న్యాయమైన రాబడి – రెండూ దక్కాలి. నామమాత్రపు అద్దెతో వక్ఫ్‌ను నష్టపరచడం ఎంత తప్పో, బాగుచేసినవాడిని మరునాడే వెళ్లగొట్టడం అంత తప్పు.

మూడు, కాగితం పని. ట్రేడ్ లైసెన్సు, ఆస్తిపన్ను రసీదు, బోర్డుకు అనుమతి చూసిపెట్టే ఇద్దరు యువకులు సంఘంలో ఉంటే చాలు. హైదరాబాదులో 2020లో వచ్చిన ఉత్తర్వులు నేల నుంచి 15 అడుగులకు పైన ప్రకటన బోర్డులను నిషేధించాయి. ఇలాంటివి తెలియక పెద్ద బోర్డు కట్టించి జరిమానా కట్టేకన్నా ముందే అడిగి చిన్న బోర్డు పెట్టుకోవడం మేలు. మన పట్టభద్ర యువతీయువకులకు ఇది మంచి సేవ.

నాలుగు, మెట్టు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చిపోయే భవనాలన్నీ అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. ముసలివారు, కర్రతో నడిచేవారు, చంకలో బిడ్డతో వచ్చే తల్లులు సులభంగా ఎక్కగలిగే ర్యాంపుతో పని మొదలుపెడితే, రంగుకన్నా ముందు దీవెన దక్కుతుంది. అయితే ర్యాంపు కాలిబాట మీదికి పొడుచుకు రాకూడదు. మన సౌకర్యం ఇంకొకరి దారికి అడ్డు కాకూడదు.

చివరిగా

దుకాణం ముఖం వ్యాపారిది ఒక్కడిదే కాదు, వీధి అందరిదీ. అందుకే అమెరికా నగరాలు ప్రజల డబ్బును ఆ గోడ మీద పెట్టడం తప్పు కాదనుకున్నాయి. కానీ డబ్బు ఇచ్చే పద్ధతి సరిగా లేకపోతే అది ఉన్నవాడికే చేరుతుంది, యజమాని అద్దెలో కలిసిపోతుంది. చిన్నవాడికి చేరాలంటే ముందుగా చేతికి అందే సొమ్ము, అద్దె మీద రాతపూర్వక భరోసా, కాగితం దగ్గర తోడుగా నిలిచే మనిషి – ఈ మూడూ కావాలి. ఈ మూడింటిలో ఏదీ మన సంఘం శక్తికి మించినది కాదు.

ఈ సంవత్సరం ఒక్క వీధిని, అందులో పది దుకాణాలను ఎంచుకుని మొదలుపెడదాం. ఎంపికలో మతం చూడవద్దు, అవసరం చూద్దాం. పక్క దుకాణం ఎవరిదైనా అది చీకట్లో ఉంటే మన దుకాణానికీ జనం రారు. హలాల్ సంపాదనతో ఇల్లు నడుపుకునే ప్రతి చిన్న వ్యాపారి రోజీలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.